తొలి ఎదకు ముందా... తర్వాతా?

మా కుక్క జూలీ నీళ్ళ గిన్నె దగ్గర్నుంచి కదలడం లేదని మొదట పట్టుకున్నది మా అమ్మ. మే నెల, రాజమండ్రి ఎండలు. "దాహమేస్తోందేమోలే" అన్నాను నేను. "ఎండకి కాదే, దీని తీరేదో తేడాగా ఉంది" అంది అమ్మ. పొద్దున నింపిన గిన్నె పదింటికల్లా ఖాళీ. మళ్ళీ నింపితే భోజనాల వేళకి ఖాళీ. రాత్రి రెండుసార్లు తలుపు గీకి మమ్మల్ని లేపి, పెరట్లోకి వెళ్ళొచ్చేది. నాలుగో రోజు పెరుగన్నం ముట్టలేదు. ఐదో రోజు వాంతులు. ఆసుపత్రిలో డాక్టరుగారు దాని పొట్ట మీద చెయ్యి వేసి చూసి, నావైపు తిరిగి అడిగిన మొదటి మాట: "చివరిసారి ఎదకెప్పుడొచ్చిందమ్మా?"

నాకు గుర్తు లేదు. వేళ్ళ మీద లెక్కేస్తే నెలన్నరో, రెండు నెలలో.

స్కానింగులో గర్భసంచి నిండా చీము కనిపించింది. దాన్ని పయోమెట్రా అంటారని ఆ రోజే విన్నాను. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. తీసిన గర్భసంచిని స్టీలు ట్రేలో పెట్టి చూపించారు. ఏడు కిలోల కుక్క కడుపులోంచి వచ్చిన రెండు గొట్టాలు, ఒక్కొక్కటి నా మణికట్టంత లావున ఉబ్బి, మెలికలు తిరిగి, గోడలు పలచబడి మెరుస్తున్నాయి. ఇంత బాధను కడుపులో పెట్టుకుని ఇది ఐదు రోజులు మాకు తోకెలా ఊపిందా అనిపించింది. ఆపరేషన్ అయిన మూడో రోజు తెల్లవారుజామున జూలీ పోయింది. దానికి తొమ్మిదేళ్ళు.

మేం ఆపరేషన్ వద్దనుకున్నవాళ్ళం కాదు. చేయిద్దాం, చేయిద్దాం అనుకుంటూనే తొమ్మిదేళ్ళు గడిపేశాం. ఏడాది లోపు 'ఇంకా పసిది కదా' అన్నాం. రెండేళ్ళకి 'ఒక్కసారి ఈనాక చూద్దాం' అన్నాం. ఏడేళ్ళొచ్చాక 'ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా' అన్నాం. ప్రతిసారీ ఆ మాట దాని మీద ప్రేమతోనే అన్నాం.

ఆడకుక్కకు ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్న ప్రశ్నకు అన్ని కుక్కలకూ సరిపోయే జవాబు ఒక్కటి లేదు. జాతిని బట్టి, బరువును బట్టి, పెంచే ఇంటిని బట్టి అది మారుతుంది. 'ఎప్పుడో ఒకప్పుడు' అన్న జవాబు మాత్రం ఏ కుక్కకూ మంచిది కాదు. జూలీ పోయాక ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను, కనిపించిన డాక్టరునల్లా అడిగాను. ఆ తర్వాత మా చేతుల మీదుగా రెండు ఆడకుక్కలకు ఆపరేషన్ జరిగింది. రెండింటికీ వేర్వేరు వయసుల్లో, వేర్వేరు కారణాలతో.

ఆర్నెల్ల లెక్క ఎక్కడిది?

కుక్కల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంటే మనుషుల ట్యూబెక్టమీ లాంటిదే అనుకుంటారు చాలామంది. మనుషుల్లో గొట్టాలు మాత్రమే కట్టేస్తారు, హార్మోన్లు మామూలుగానే ఉంటాయి. కుక్కల్లో మన దగ్గర సాధారణంగా అండాశయాలను, గర్భసంచిని కలిపి తీసేస్తారు. ఎద ఆగిపోతుంది, చూలు ఉండదు, గర్భసంచికి చీము పట్టే ముప్పు పోతుంది. దాంతోపాటు ఆ హార్మోన్లు చేసే మిగతా పనులూ ఆగిపోతాయి. ఎప్పుడు చేయించాలన్న చర్చంతా ఈ చివరి వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

'ఆర్నెల్లకు చేయించేయండి, తొలి ఎదకు రాకముందే' అనే సలహా దశాబ్దాలుగా వింటున్నాం. దాని వెనక బలంగా నిలబడింది 1969లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన. రొమ్ము గడ్డల మీద చేసిన ఆ అధ్యయనం చెప్పింది ఇదీ: ఆపరేషన్ చేయించని కుక్కలకున్న ముప్పును వందగా తీసుకుంటే, తొలి ఎదకు ముందే చేయించిన వాటికి ఆ ముప్పు 0.5. ఒక ఎద తర్వాత చేయిస్తే 8. రెండో ఎద కూడా దాటాక చేయిస్తే 26.

ఈ అంకెల్ని చాలామంది తప్పుగా చదువుతారు, నేనూ మొదట అలాగే చదివాను. రెండు ఎదలు చూసిన ప్రతి వంద కుక్కల్లో 26 కుక్కలకు క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. ఆపరేషన్ లేని కుక్కల గుంపులో వంద గడ్డలు కనిపించే చోట, ఈ గుంపులో 26 కనిపిస్తాయని. రెండు ఎదల తర్వాత చేయించినా ముప్పు నాలుగో వంతుకు తగ్గుతుందన్నమాట. 2012లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టి, ఆధారాలు అనుకున్నంత గట్టిగా లేవని తేల్చారు. అయితే ఆడకుక్కలకు వచ్చే రొమ్ము గడ్డల్లో దాదాపు సగం క్యాన్సరే. దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఎముకలు ఎదిగే దాకా

ఆర్నెల్ల లెక్కను గట్టిగా ప్రశ్నించినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని బెంజమిన్ హార్ట్, లినెట్ హార్ట్ దంపతుల బృందం. 2013లో 759 గోల్డెన్ రిట్రీవర్ల ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. చిన్న వయసులో ఆపరేషన్ అయిన వాటిలో తుంటి కీలు లోపాలు, మోకాలి లిగమెంటు తెగడం ఎక్కువగా కనిపించాయి. తర్వాత లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు చూశారు. 2020 నాటికి 35 జాతుల లెక్క తేల్చారు.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. పిల్లకుక్క కాళ్ళ ఎముకల చివర పెరుగుదల జరిగే మెత్తటి పొర ఒకటి ఉంటుంది. 'ఇక చాలు, పెరగడం ఆపు' అని ఆ పొరకు చెప్పేది ఈస్ట్రోజెన్. అండాశయాలు ముందే తీసేస్తే ఆ మాట చెప్పేవాళ్ళుండరు. ఎముక ఇంకొంచెం పొడుగు సాగుతుంది, కీళ్ళు సరిగ్గా కుదురుకోవు. ఐదారు కిలోల కుక్కకు ఇది పెద్ద లెక్కలోకి రాదు. ముప్పై కిలోల బరువు మోసే కీలుకు వస్తుంది.

అందుకే ఆ బృందం ఆడ లాబ్రడార్‌కు ఏడాది దాటాక, జర్మన్ షెపర్డ్‌కు రెండేళ్ళు దాటాక చేయించమంటుంది. చాలా చిన్న జాతుల్లో కీళ్ళ విషయంలో వయసుతో తేడా కనిపించలేదు. జాతి తెలియని కలగలుపు కుక్కల్లో వాళ్ళకు తేడా కనిపించింది 20 కిలోల గీత దగ్గర. ఆ పైన బరువు పెరిగే వాటికి ఏడాది ఆగడం మేలు. ఆడ గోల్డెన్ రిట్రీవర్ లెక్క వేరు. ఏ వయసులో చేయించినా కొన్ని క్యాన్సర్లు పెరిగినట్టు కనిపించింది కాబట్టి, అసలు చేయించకుండా ఉండటమో, ఏడాదికి చేయించి జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండటమో మంచిదన్నారు. గోల్డెన్ పెంచేవాళ్ళు ఈ ఒక్క సంగతీ డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి.

అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలు కూడా ఇంచుమించు ఇదే దారిలో ఉన్నాయి. పెద్దయ్యాక 20 కిలోలు మించని ఆడకుక్కకు తొలి ఎదకు ముందే, ఐదారు నెలలకు. అంతకు మించి పెరిగేదానికి 5 నుంచి 15 నెలల మధ్య, డాక్టరు చూసి చెప్పినప్పుడు.  

ఆగడానికీ ఖరీదుంది

'అయితే ఆగుదాం' అనుకునే ముందు, ఆ ఆగే కాలంలో ఇంట్లో ఏం జరుగుతుందో తెలియాలి. చిన్న జాతులు ఆరేడు నెలలకే తొలి ఎదకొస్తాయి. చాలా పెద్ద జాతులకు ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టొచ్చు. ఆ తర్వాత సుమారు ఆరేడు నెలలకోసారి. ఒక్కో ఎద మూడు వారాలు. మొదటి తొమ్మిది పది రోజులు రక్తపు చుక్కలు పడతాయి. తర్వాత ఎరుపు తగ్గి నీళ్ళలా మారుతుంది. 'హమ్మయ్య, అయిపోయింది' అని గొలుసు విప్పేది సరిగ్గా అప్పుడే. నిజానికి మగకుక్కను దగ్గరికి రానిచ్చే రోజులు అప్పుడే మొదలవుతాయి. ఎన్ని ఇళ్ళలో 'ఎలా చూలయిందో తెలియలేదు' అన్నారో, దాదాపు అన్నిచోట్లా జరిగింది ఇదే.

అలా జరిగాక కొందరు ఇంజెక్షన్ వేయించుకొస్తారు. కలిసిన తర్వాత వేసే ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్లు గర్భసంచికి చీము పట్టే ప్రమాదాన్ని పెంచుతాయి, ఎముకల మూలుగనూ దెబ్బతీయగలవు. ఎద రాకుండా వేసే హార్మోన్ సూదులతోనూ గర్భసంచికి చీము పట్టే ముప్పు ఉంది. ఆపరేషన్‌కు భయపడి ఈ సూదులను ఆశ్రయించడం కంటే పెద్ద పొరపాటు లేదని నా గట్టి అభిప్రాయం.

ఇక పయోమెట్రా. స్వీడన్‌లో ఆడకుక్కలకు ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువ, బీమా చేయించే అలవాటు ఎక్కువ. కాబట్టి అక్కడి బీమా రికార్డుల్లో అసలు సంగతి కనిపిస్తుంది: పదేళ్ళ వయసు వచ్చేలోపు దాదాపు నాలుగో వంతు ఆడకుక్కలకు ఈ జబ్బు వచ్చింది. ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఎక్కువగా వస్తుంది. కుక్కలకు ముట్లుడగడం అనేది ఉండదు. ముసలితనంలోనూ ఎదకొస్తూనే ఉంటాయి, వచ్చిన ప్రతిసారీ గర్భసంచికి ముప్పు పెరుగుతూనే ఉంటుంది. జూలీకి ఏడేళ్ళప్పుడు 'ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా' అనుకున్నామే, అప్పుడే చేయించాల్సింది. ఆరోగ్యంగా ఉన్న ఏడేళ్ళ కుక్కకు రక్తపరీక్షలు చూసుకుని చేసే ఆపరేషన్ వేరు. చీముతో, జ్వరంతో, చెడిపోయిన కిడ్నీలతో అర్ధరాత్రి చేసే ఆపరేషన్ వేరు.

మీ కుక్క ఎద దాటిన రెండు నెలల్లో నీళ్ళు అతిగా తాగినా, తిండి మానినా, వాంతి చేసుకున్నా, వెనక నుంచి దుర్వాసనతో స్రావం కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. స్రావం లేదని ధీమాగా ఉండొద్దు. గర్భసంచి మూతి మూసుకుపోతే చీము లోపలే ఉండిపోతుంది, అది ఇంకా ప్రమాదం. జూలీకి బయట ఒక్క చుక్క కనిపించలేదు.

'ఒక్క ఈతైనా ఈననివ్వమ్మా'

జూలీ పోయిన ఏడాదికి మా ఇంటికి సిరి వచ్చింది, లాబ్రడార్. ఈసారి మొదటి నెలలోనే డాక్టరుగారితో కూర్చున్నాను. పెద్దయితే పాతిక కిలోలు దాటుతుంది, ఏడాది ఆగుదామన్నారు. "మూడు వారాలు కట్టడిగా ఉంచగలరా? ప్రహరీ ఎత్తెంత? పగలు ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగారు. అవన్నీ వైద్యంలో భాగమేనని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి గేటు లేనివాళ్ళకు, పగలంతా ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు అదే లాబ్రడార్ విషయంలో ఆయన వేరే సలహా ఇచ్చేవారు.

సిరికి పదో నెలలో తొలి ఎద. పక్కింటి మామ్మగారు గోడ మీంచి చూసి, "పాపం, ఒక్క ఈతైనా ఈననివ్వమ్మా. తల్లి కాకుండా చేసిన ఉసురు నీకెందుకు?" అన్నారు. ఆ మాట వెనక ఉన్న దయను నేను కాదనను. ఆవిడ జూలీకి రోజూ తన చేత్తో చపాతీ పెట్టిన మనిషి. కానీ ఒక కాన్పు అయితే ఆడకుక్క ఆరోగ్యం బాగుపడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. లాబ్రడార్ ఒక్క ఈతకు ఆరేడు పిల్లలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పెడుతుంది. ఆ ఆరేడింటికీ మంచి ఇళ్ళు వెతికే పూచీ మనది. 'మా తమ్ముడికిస్తా, ఆఫీసులో అడిగారు' అని మొదలైన పంపకం రెండు పిల్లల దగ్గర ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. మామ్మగారికి జూలీ ట్రే గురించి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "సరే, మంచిరోజు చూసి చేయించు" అన్నారు.

ఎదలో ఉండగా ఆపరేషన్ చేయించకూడదు. అప్పుడు గర్భసంచికి రక్తప్రసరణ ఎక్కువ, రక్తస్రావం ప్రమాదం. ఎద ముగిసిన వెంటనే కూడా మంచిది కాదు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతే చూలు లేకుండానే పాలు రావడం, బొమ్మల్ని పిల్లలనుకుని కాపలా కాయడం మొదలవుతుంది, అదొక పట్టాన తగ్గదు. రెండు మూడు నెలలు ఆగమంటారు. సిరికి పదమూడో నెలలో తేదీ పెట్టారు.

మన ప్రాంతంలో పెంచేవాళ్ళు ఒక్క విషయం తప్పకుండా అడగాలి: ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష, అందులో ప్లేట్‌లెట్ల లెక్క. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర ఎక్కువ. పైకి హుషారుగా తిరిగే కుక్కలోనూ అది దాగి ఉండొచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న కుక్కను బల్ల మీదికి ఎక్కిస్తే రక్తం ఆగదు. సిరికి మొదటి తేదీ వాయిదా పడింది ఇందుకే. మూడు వారాలు మందులు వాడి, లెక్క మామూలుకొచ్చాకే చేశారు.

ఆ రోజు పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకెళ్ళాం. పొట్ట మీద బొచ్చు గీసేస్తే లోపలి చర్మం లేత గులాబీ రంగులో పసిపిల్ల పొట్టలా ఉంది. ముప్పావుగంటలో పని అయిపోయింది. నేనే అడిగి ట్రే చూశాను. 'వై' అక్షరం ఆకారంలో, పెన్సిలంత సన్నగా ఉంది సిరి గర్భసంచి. జూలీది గుర్తొచ్చి కళ్ళు నిండాయి.

ఇంటికొచ్చాక అసలు పని పది నుంచి పద్నాలుగు రోజులు. కుట్లు నాకకుండా మెడకు కోన్ కట్టాలి. సిరి దాంతో గోడలకు గుద్దుకుంటుంటే మా అబ్బాయి పాత బనియన్ తొడిగి, నడుం దగ్గర ముడి వేశాం. స్నానం లేదు, మెట్లు లేవు, సోఫా మీదికి గెంతడం లేదు. నొప్పికి డాక్టరు రాసిన మందే వేయాలి. ఇంట్లో మన కోసం ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకు ప్రమాదం. కుట్లు మానాక తిండి పావు వంతు తగ్గించాలి. ఆపరేషన్ అయిన కుక్క లావెక్కుతుందనేది నిజమే, ఆ లావు మనం పెట్టే గిన్నెలోంచి వస్తుంది. పెద్ద కుక్కల్లో కొన్నింటికి తర్వాతి ఏళ్ళలో పడుకున్నచోట మూత్రం చుక్కలు కారడం రావచ్చు. మందులతో చాలావరకు అదుపులో ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పే డాక్టరును నమ్మండి.

చిత్తకార్తె రాకముందే

రెండోది మా వీధి నల్లది. నాటుకుక్కల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. వాటి బరువు మామూలుగా 20 కిలోల లోపే, కాబట్టి కీళ్ళ బెంగ తక్కువ. గేటు లేదు, గొలుసు లేదు, కాబట్టి ఆగే వీలే లేదు. తొలి ఎదకు ముందే చేయించాలి.

ఆ ఎద ఎప్పుడొస్తుందో మన పెద్దలకు బాగా తెలుసు. చిత్తకార్తె కుక్కలు అనే మాట ఊరికే పుట్టలేదు. ఇంటి కుక్కలు ఏడాదిలో ఎప్పుడైనా ఎదకొస్తాయి కానీ, వీధికుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో జతకడతాయి. చూలు సుమారు 63 రోజులు. చలికాలంలో పిల్లలు పెడతాయి. సంక్రాంతి ముగ్గుల మధ్య మనకు కనిపించే కూనలు అవే. సంక్రాంతికి కళ్ళు తెరిచిన ఆడపిల్లకు జూలై నాటికి ఆర్నెల్లు నిండుతాయి. మృగశిర దాటాక ఆశ్లేష లోపు చేయిస్తే ఆ ఏడాది చిత్తకార్తె దాన్ని తాకకుండా పోతుంది. వీధికుక్కల్లో కలయిక ద్వారా అంటుకునే వెనీరియల్ ట్యూమర్ అనే గడ్డ కూడా చాలా ఎక్కువ. ముందే ఆపరేషన్ అయితే ఆ ముప్పూ బాగా తగ్గుతుంది. నల్లదాన్ని ఆషాఢంలో తీసుకెళ్ళాం. చెవి కొన చిన్నగా కత్తిరించి పంపారు. ఆపరేషన్ అయిందనడానికి అదే గుర్తు.

వీధికుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, మళ్ళీ అక్కడే వదిలే ఈ పద్ధతికి మన దేశంలో పునాది వేసింది 1964లో మద్రాసులో బ్లూ క్రాస్. 2001లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2023లో వాటిని మార్చి రాసింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఢిల్లీ వీధికుక్కల కేసులో, రేబిస్ ఉన్నవీ దూకుడుగా మీదపడేవీ మినహా మిగతావాటిని ఆపరేషన్, టీకాలు అయ్యాక పట్టిన చోటే వదలమంది. హైదరాబాద్‌లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ ఏళ్ళుగా ఈ పని చేస్తోంది. వీధికుక్క అయితే మీ మున్సిపాలిటీని అడగండి. ఇంటి కుక్క అయితే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులున్నాయి. ప్రైవేటు క్లినిక్‌తో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. పాలు తాగే పిల్లలున్న తల్లిని మాత్రం ఎవరికీ పట్టివ్వకండి, కూనలు అన్నం తినే దాకా ఆగండి.

సిరికి ఇప్పుడు నాలుగేళ్ళు. నల్లది పగలు మా గేటు ముందు, రాత్రి మామ్మగారి అరుగు మీద పడుకుంటుంది.

మీ ఇంట్లో ఆడకుక్క ఉంటే ఈ ఆదివారం ఒక్క పని చేయండి. గోడకున్న క్యాలెండర్ తీసి, అది చివరిసారి ఎదకొచ్చిన తేదీ రాసి పెట్టండి. ఇంకా రాకపోతే పుట్టిన తేదీ, ఇప్పటి బరువు రాయండి. ఈ వారంలోనే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆయన మొదట అడిగేది అదే.